కొలిమి పెట్టుకోదలచిన వారికి: సిరొంచ వైపు కమ్మరిపనిలో తొలి మూడేళ్లు

రోహిణి కార్తె వచ్చిందంటే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలోని మా ఊళ్లలో కొలిమి ముందు వరుస కడుతుంది. ఒకరి భుజాన గుంటక పాస, ఒకరి చేతిలో అరిగి పొట్టిదైపోయిన నాగటి కర్రు, ఇంకొకరి సంచిలో కక్కు (అంచున ఉండే సన్నటి పళ్లు) పోయిన నాలుగు కొడవళ్లు. మృగశిర రాకముందే అన్నీ బాగై తిరిగి చేనికి చేరాలి. ట్రాక్టర్లు వచ్చాక ఈ వరుస పొట్టిదైంది గాని తెగిపోలేదు, కల్టివేటర్ పళ్లు కూడా అరిగేవే గదా. పనికి కొరత లేదు, చేయగలవారే తగ్గిపోయారు. నేర్చుకుంటామని ఏటా ఒకరిద్దరు యువకులు నా దగ్గరికి వస్తూనే ఉంటారు, వారికి నోటితో చెప్పే సంగతులనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

వచ్చినవారందరూ ముందు సమ్మెట వైపు చూస్తారు. నేను మాత్రం ఆరు నెలల దాకా వారిని నిప్పు దగ్గరే కూర్చోబెడతాను. కండబలం ఉన్నవాడు రెండు వారాల్లో సమ్మెట వేయగలడు. కాగుతున్న ఇనుము ఏ క్షణాన ఏ స్థితిలో ఉందో చూసి చెప్పడానికి మాత్రం ఏళ్లు పడుతుంది, రైతు మనకిచ్చే కూలి అంతా ఆ చూపుకే.

మొదట నీడ, తరువాత దాగలి

కొలిమికి చోటు వెతికేవారు రోడ్డు పక్కన ఉందా లేదా అని చూస్తారు, నేను ముందు నీడ చూడమంటాను. ఇనుము ఎంత కాగిందో తెలుసుకోవడానికి దాని రంగు తప్ప మన దగ్గర వేరే కొలత లేదు. ఎర్రగా కాగిన కడ్డీని ఎండలోకి తెస్తే నల్లగానే కనిపిస్తుంది, ఇంకా కాగలేదనుకుని మళ్లీ నిప్పులో పెట్టి పాడుచేసుకుంటాం. కాబట్టి పైకప్పు దించి, పడమటి ఎండ పడకుండా తడిక కట్టి, గాలి ఆడేందుకు మిగిలిన వైపులు తెరిచి ఉంచండి. పొగ బయటికి పోవాలి, ఎండ లోపలికి రాకూడదు.

దాగలిని, అంటే కాగిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మెను, మొద్దులో దిగవేసే ముందు ఎత్తు చూసుకోవాలి. నిటారుగా నిలబడి, పిడికిలి బిగించి, చేయి కిందికి వదిలితే పిడికిలి కణుపులు ఎంత ఎత్తున ఉంటాయో దాగలి పైభాగం అంత ఎత్తున ఉండాలి. ఎక్కువైతే భుజం, తక్కువైతే నడుము దెబ్బతింటాయి. కూర్చుని పనిచేసే పాత పద్ధతిలో దాగలి నేలకు దగ్గరగా ఉంటుంది. చిన్న పనులకు అది బాగానే ఉంటుంది గాని, సమ్మెట వేసే మనిషి ఎదురుగా ఉన్నప్పుడు నిలబడి చేయడమే మేలు. మొద్దుకు తుమ్మ మంచిది, రెండడుగులు భూమిలోకి పాతి చుట్టూ మట్టిని దిమ్మిస చేయాలి. దాగలి కదిలితే దెబ్బలో సగం బలం మొద్దే తినేస్తుంది.

కొత్త దాగలి కొనలేనివారు రైలు పట్టా ముక్కతో మొదలుపెడతారు, పని జరుగుతుంది. అయితే ఆ ముక్క ఎక్కడి నుండి వచ్చిందో చెప్పగలగాలి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం. రసీదు ఇచ్చే తుక్కు వ్యాపారి దగ్గర తప్ప పట్టా ముక్క కొనకండి.

తిత్తి విషయంలో నాకు పాత మీద మోజు లేదు. మేకతోలు తిత్తి ఊదడానికి ఎప్పుడూ ఒక మనిషి కావాలి, ఇంటి ఆడవాళ్ల రెక్కలు దానికే అరిగిపోయేవి. చేత్తో తిప్పే పంఖా గాని, గాలిని తగ్గించి పెంచే రెగ్యులేటర్ ఉన్న కరెంటు బ్లోయర్ గాని పెట్టుకోండి. కరెంటు పోయినప్పుడు అక్కరకు వచ్చే చేతి పంఖాయే ముందు కొనవలసిన వస్తువు.

బొగ్గు

మనకు దొరికేవి రెండు: కర్రబొగ్గు, గని బొగ్గు. చంద్రపూర్, బల్లార్‌పూర్ గనులు గాని, నదికి అవతల తెలంగాణలోని సింగరేణి గనులు గాని ఎంత దగ్గరగా ఉన్నా ఆ బొగ్గు కొలిమికి అంతగా నప్పదు. కొలిమికి కావలసిన గని బొగ్గు కాలుతూ ఒకదానితో ఒకటి అతుక్కుని, ఇనుము చుట్టూ గుహలాగా నిలబడాలి. మన వైపు బొగ్గుకు ఆ గుణం లేదు, పైగా బూడిద ఎక్కువ. ఆ బూడిద కరిగి చిట్టెంగా మారి గాలిగొట్టం నోటికి అడ్డం పడుతుంది. వాడక తప్పకపోతే గంటకొకసారి నిప్పు ఆర్పకుండానే చిట్టెం ముద్దను ఊచతో పైకి తీసేయాలి.

నా ఓటు కర్రబొగ్గుకే, అందులోనూ తుమ్మ బొగ్గుకే. నిప్పు శుభ్రంగా ఉంటుంది, ఇనుము పాడవదు, రంగు స్పష్టంగా తెలుస్తుంది. ముక్కలు గుడ్డు పరిమాణంలో ఉండాలి. పెద్దవైతే వాటి సందుల్లో నుంచి గాలి అంతా పైకి పోతుంది, పొడి అయితే గాలి ఆడదు. ఒక్క జాగ్రత్త ఉంది. 1927 నాటి భారత అటవీ చట్టం కర్రబొగ్గును, అది అడవిలో దొరికినా బయటి నుంచి తెచ్చినా, అటవీ ఉత్పత్తిగానే లెక్కిస్తుంది. చుట్టూ టేకు అడవి ఉన్న మన తాలూకాలో బస్తా బొగ్గు బండి మీద వేసుకుని వస్తే ఎవరైనా ఆపి అడగవచ్చు. రవాణా పాసు ఉన్న వ్యాపారి దగ్గరే కొని, ఆ కాగితం నకలు మీ దగ్గర ఉంచుకోండి.

మంట వేసే తీరులోనే తొలి పాఠం ఉంది. ఇనుమును నేరుగా గాలి వచ్చే నోటికి ఎదురుగా పెట్టకూడదు. ఆ చోట ఇంకా ఖర్చుకాని గాలి ఇనుము మీద పడి పొలుసులు లేపుతుంది. గొట్టం నోటికి నాలుగైదు అంగుళాల మందాన బొగ్గు కణకణలాడుతుండగా దాని మీద ఇనుమును అడ్డంగా పడుకోబెట్టి, పైన మళ్లీ బొగ్గు కప్పాలి. ఇనుము ముక్కను నిప్పులోకి గుచ్చినట్టు నిలువుగా దింపేవాడు ఇంకా నేర్చుకోలేదని చూడగానే తెలిసిపోతుంది.

రంగు చదవడం

మిరప తోటలు చూసి పెరిగిన మన పిల్లలకు నేను రంగులు ఇలా చెబుతాను. ఎండుమిరప రంగు వచ్చినప్పుడు ఇనుము సుమారు 650 డిగ్రీల సెల్సియస్ వేడి మీద ఉంటుంది. అప్పుడు గట్టిగా కొట్టవద్దు, వంకర సరిచేయడం వరకే చేయండి. పండుమిరప రంగు 750 నుండి 800 డిగ్రీలు. మోదుగ పువ్వు రంగు 900 నుండి 1000. సాగదీయడం, వంచడం, బెజ్జం కొట్టడం అన్నీ ఇక్కడే జరగాలి. పసుపుపచ్చ బంతిపువ్వు రంగు 1100 దాటింది, మెత్తటి ఇనుము దీన్ని ఓర్చుకుంటుంది గాని ఉక్కుకు ఇది ప్రమాదం. తెల్లబడి చిటపటమని నక్షత్రాలు రాలుతున్నాయంటే ఇనుము కాలిపోతున్నదన్నమాట. కాలిన భాగాన్ని ఏ పదునూ (కాచి ముంచి గట్టిపరచడం) బాగుచేయదు, కోసి పారేయవలసిందే.

ఇందులో ఒక ముఖ్యమైన మలుపు ఉంది. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. పాత స్పీకరులోని అయస్కాంతం ముక్కను తీగకు కట్టి కొలిమి పక్కన వేలాడదీయండి. కడ్డీ కాగుతుండగా దాన్ని తాకించి చూడండి, అంటుకోనిది ఏ రంగు దగ్గరో మనసులో ముద్ర వేసుకోండి. పగలు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి, మబ్బు పట్టిన రోజు ఒకసారి. మూడు నెలలు ఇలా చేసిన కుర్రవాడికి అయస్కాంతం అవసరం తీరిపోతుంది.

రంగు పోయి నల్లబడిన ఇనుము చల్లబడినట్టు కాదు. 400 డిగ్రీల ఇనుముకూ చల్లని ఇనుముకూ చూపులో తేడా ఉండదు. కొలిమిలో జరిగే కాలుడు దెబ్బల్లో ఎక్కువ భాగం ఇలా కింద పడేసిన నల్ల ముక్కను ఎత్తినప్పుడే జరుగుతాయి. నేల మీది ఏ ఇనుమునైనా ముందు అరచేతి వెనుక భాగాన్ని దగ్గరగా ఉంచి వేడి చూసి, ఆపైనే ముట్టుకోవాలి. కాలితే ఇరవై నిమిషాలు పారే నీటి కింద పెట్టండి. పేస్టు, సిరా, పిండి పూయకండి. ఒంటి మీద నూలు బట్టే ఉండాలి, నైలాను చొక్కా మీద పడిన రవ్వ చర్మానికి అతుక్కుపోతుంది. జింకు పూత ఉన్న పైపును, రేకును నిప్పులో పెట్టకూడదు, ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. రెండు వైపులా మూసి ఉన్న గొట్టాన్ని, షాక్ అబ్సార్బర్‌ను కాల్చడమంటే బాంబు కాల్చడమే.

సుత్తి, సమ్మెట, పటకారు

చేతి సుత్తి కిలోకు అటూఇటూగా ఉంటే చాలు. సమ్మెట నాలుగైదు కిలోలు. సుత్తి ముఖం అంచులు పదునుగా ఉంటే ఇనుము మీద గాట్లు పడతాయి, కొనగానే ఆకురాయితో అంచులు గుండ్రం చేసుకోవాలి. పటకార్లు కొనకండి, మెత్తటి కడ్డీతో మీరే చేసుకోండి, తొలి ఆరు నెలల పరీక్ష అదే. దానికి ముందు కొక్కేలు వంద చేయండి. చదరపు కడ్డీని మొనదేల్చడం, మళ్లీ గుండ్రం చేయడం, ఒకే కొలతలో వంచడం, ఈ మూడూ కొక్కెంలో ఉన్నాయి. మొన దేల్చేటప్పుడు గుండ్రంగా ఉండగానే సన్నం చేయబోతే లోపల చీలిపోతుంది, ముందు చదరంగా సన్నబరచి చివర్లో గుండ్రం చేయాలి.

ఇద్దరు కలిసి పనిచేసేటప్పుడు మాట ఉండదు, సుత్తే మాట్లాడుతుంది. కొలిమి యజమాని చిన్న సుత్తితో ఇనుము మీద ఎక్కడ తడితే సమ్మెట అక్కడే పడాలి; మెల్లగా తడితే మెల్లగా, గట్టిగా తడితే గట్టిగా. ఆయన సుత్తిని ఇనుము మీద కాక దాగలి మీద ఖణేలుమనిపించాడంటే సమ్మెట ఆగిపోవాలి. ఈ సంకేతం తెలియని కొత్తవాడు ఇంకో దెబ్బ వేస్తాడు, అప్పటికి పటకారు పక్కకు తిరిగి ఉంటుంది, ఇనుము ఎగిరి ఎక్కడో పడుతుంది. మహారాష్ట్ర ఊళ్లకు బిడారుగా వచ్చే ఘిసాడీ కమ్మరుల దగ్గర భర్త పటకారు పట్టుకుంటే భార్య సమ్మెట వేస్తుంది. ఆ ఇద్దరి లయను ఒక పూట కూర్చుని చూస్తే నేను నెలరోజులు చెప్పేది అర్థమవుతుంది.

ఏది ఇనుము, ఏది ఉక్కు

మా జిల్లాలోనే ఏటపల్లి తాలూకా సూర్జాగఢ్ కొండల్లో ఇనుప ఖనిజం ఉంది, అదంతా కర్మాగారాలకు పోతుంది, మన చేతికి వచ్చేది తుక్కే. తుక్కులో ఉక్కును గుర్తించడానికి సానచక్రానికి ముక్కను తాకించి రవ్వలు చూడండి. కట్టుబడి ఊచ వంటి మెత్తటి ఇనుము రవ్వలు పొడవుగా, చీలకుండా పోతాయి. కర్బనం ఎక్కువైన కొద్దీ రవ్వలు పొట్టిగా, చివర కొమ్మలు పూసినట్టు పగులుతాయి. మెత్తటి ఇనుములో కర్బనం 0.2 శాతం దగ్గర ఉంటుంది, అది ఎంత కాల్చి ముంచినా పదునెక్కదు. లారీ కమాన్ కట్టల్లో (చక్రాల మీది స్ప్రింగు పట్టీల్లో) 0.5 నుండి 0.6 శాతం దాకా ఉంటుంది, కత్తికి, గొడ్డలికి సరిగ్గా సరిపోతుంది. బేరింగుల ఉక్కులో ఒక శాతం. నేర్చుకునేవారు దాని జోలికి పోవద్దు.

వెదురు కత్తి, మొదటి నుండి చివరి దాకా

వెదురు నరికే కత్తిని కమాన్ కట్టతో చేయడం తెలిస్తే మిగిలిన పనిముట్లన్నీ దాని వెనుక వస్తాయి. పాత కట్టలో కంటికి కనిపించని పగుళ్లుంటాయి కాబట్టి ముందు శుభ్రంగా రుద్ది, బోల్టు బెజ్జం చుట్టుపక్కల భాగం వదిలేసి, ఒక అడుగు ముక్క కోయండి. మోదుగ పువ్వు రంగులో దాని సహజమైన వంపు తీసి చదును చేయండి. ఒక కొసను పిడిలోకి దూరే తోకగా సాగదీయండి. తోకకూ కత్తికీ కలిసే మూల పదునుగా మడత పడకూడదు, అక్కడే విరుగుతుంది.

ఇప్పుడు అంచు దేల్చాలి, ఇక్కడే అందరూ తడబడతారు. అంచును కొట్టి పలచన చేస్తుంటే ఆ వైపు ఇనుము పొడవు పెరుగుతుంది, దాంతో కత్తి వీపు వైపుకు వంగిపోతుంది. అందుకని కొట్టడానికి ముందే కత్తిని అంచు వైపుకు కొడవలిలాగా వంచి పెట్టుకోవాలి. అంచు దేలుతున్న కొద్దీ అదే తిన్నబడుతుంది. వెదురు కత్తికి కొసన కొద్దిగా లోపలి వంపు కావాలి కనుక ఇంకాస్త ఎక్కువ వంచండి. రెండు వైపులా సమానంగా దెబ్బలు వేయండి. అంచు రూపాయి బిళ్ల మందానికి వచ్చాక ఆపేయాలి, అంతకంటే పలచనైతే పదును పెట్టేటప్పుడు అల్లాడిపోయి మెలి తిరుగుతుంది.

కొట్టడం అయిపోయిన ఇనుము లోపల అలజడి ఉంటుంది. దాన్ని అయస్కాంతం వదిలేసే రంగు దాకా కాచి, గాలిలో నల్లబడేదాకా వదిలేయడం మూడుసార్లు చేయండి. తొందరపడేవారు వదిలేసే మెట్టు ఇదే.

ఇక పదును కోసం ముంచడం. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు కమాన్ కట్టతో ఒక గొడ్డలి చేసి, మా పెద్దలు పాత ఇనుముకు చేసినట్టే నీళ్లలో ముంచాను. చూడడానికి బాగానే ఉంది. తుమ్మ మొద్దు మీద మూడో దెబ్బకు బొటనవేలి గోరంత ముక్క లేచిపోయింది. రైతు ఏమీ అనలేదు, ఆ ముక్కను తెచ్చి దాగలి మీద పెట్టి వెళ్లిపోయాడు. విరిగిన చోట చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. అతిగా కాచిన ఉక్కు లక్షణం అది, సరిగ్గా కాగినది బూడిద రంగులో నునుపుగా విరుగుతుంది. నేను చేసిన తప్పులు రెండు, అతిగా కాచడం, నీళ్లలో ముంచడం. కమాన్ కట్టకు నూనే కావాలి. వేరుశనగ నూనె, ఇప్పనూనె ఏదైనా సరే, ఇనుప డబ్బాలో పోసి, ఒక కాలిన ముక్క ముంచి ముందే గోరువెచ్చగా చేసుకోవాలి. వాడేసిన ఇంజన్ ఆయిలు పొగ ఒంటికి మంచిది కాదు. డబ్బాకు మూత పక్కనే ఉంచుకోండి, మంట అంటుకుంటే మూత వేయాలి గాని నీళ్లు పోయరాదు.

అయస్కాంతం వదిలేసిన రంగు కంటే ఒక పిసరు ఎక్కువ, అంటే 820 నుండి 850 డిగ్రీల మధ్య, అంచు పొడవునా ఒకే రంగు రావాలి. అంచును ముందుకు పెట్టి నిటారుగా దింపి, పైకీ కిందికీ ఆడించండి. అడ్డంగా కదిలిస్తే వంగుతుంది. తీసి ఆకురాయితో గీస్తే రాయి పట్టక జారిపోవాలి. ఈ స్థితిలో కత్తి గాజుతో సమానం, కింద పడితే విరుగుతుంది. రాత్రికి అలా వదిలేయకుండా వెంటనే పదును దించాలి, అంటే మళ్లీ కొద్దిగా కాచి ఆ పెళుసుతనం తగ్గించాలి.

ఒక వైపు ఇటుక ముక్కతో తెల్లగా రుద్దండి. లావుపాటి ఇనుప దిమ్మెను ఎర్రగా కాల్చి దాని మీద కత్తి వీపును ఆనించండి. వేడి వీపు నుండి అంచుకు పాకుతుంటే తెల్లటి ఉక్కు మీద రంగులు నడుస్తాయి: ముందు వరిగడ్డి రంగు, 220 డిగ్రీలు దాటగానే; తరువాత ఎండిన ఇప్పపువ్వు గోధుమ రంగు, 255 దగ్గర; ఆపైన వంకాయ రంగు, 280; చివర నెమలి మెడ నీలం, 300. అంచు మీదికి ఇప్పపువ్వు రంగు చేరిన మరుక్షణం నీళ్లలో పెట్టి ఆపేయండి. అప్పటికి వీపు నీలం దాటి ఉంటుంది, దెబ్బను ఓర్చుకుంటుంది. గొడ్డలికైతే అంచు మీద వంకాయ రంగు దాకా ఆగండి. ఈ నడక కొన్ని క్షణాలదే, ఆ సమయంలో ఎవరు పిలిచినా తల తిప్పకూడదు.

ఇనుముకు ఉక్కు అతకడం రెండో ఏడు నేర్చుకోవలసిన పని. ఇనుప గొడ్డలి అంచును చీల్చి, అందులో ఉక్కు ముక్క దూర్చి, వెలిగారం (బొరాక్స్) చల్లి, లేత పసుపు రంగు దాటి తెల్లబడబోయే ముందు మెత్తటి దెబ్బలతో కలపాలి. ఇది చదివి వచ్చేది కాదు, చేసేవారి పక్కన నిలబడండి.

బండి చక్రానికి పట్టా

రబ్బరు టైర్ల బండ్లు వచ్చాక కర్ర చక్రం చుట్టూ ఇనుప పట్టా బిగించే ఈ పని ఏడాదికి ఒకటో రెండో వస్తుంది, వడ్రంగితో కలిసి చేయాలి. ఇనుము డిగ్రీకి పది లక్షల్లో పన్నెండు వంతులు సాగుతుంది, 4.3 మీటర్ల చుట్టుకొలత ఉన్న పట్టాను 500 డిగ్రీలు కాస్తే రెండున్నర సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. కాబట్టి పట్టాను చుట్టుకొలతలో చక్రం కంటే ఒకటిన్నర సెంటీమీటరు తక్కువ చేసి, నేల మీద పరచి, చుట్టూ పిడకలు పేర్చి ఒక్కసారిగా కాల్చాలి. ముగ్గురు పటకార్లతో ఎత్తి చక్రం మీద దించగానే కర్ర పొగ కక్కుతుంది, అప్పటికే బిందెలతో నీళ్లు సిద్ధంగా ఉండాలి. పట్టా బిగుసుకుంటుంటే చక్రం ఆకుల (అడ్డకర్రల) కీళ్లు కిర్రుకిర్రుమనడం వినిపిస్తుంది. ఆ చప్పుడు రాలేదంటే కొలత వదులైనట్టే.

గిరాకీ, కూలి

మా కొలిమికి వచ్చేవారు తెలుగు, మరాఠీ, గోండి మాట్లాడుతారు. కొడవలిని విళా అని, గొడ్డలిని కుర్హాడ్ అని, గుంటకను వఖర్ అని అడిగినప్పుడు అర్థం కావాలి. అంతకంటే ముఖ్యం, ఎవరి చేతి అలవాటు ఏదో అడిగి తెలుసుకోవడం. ఎడమచేతివాటం మనిషికి కుడిచేతి కొడవలి చేసి ఇస్తే అది చూరులో దోపిన చోటే ఉండిపోతుంది.

పూర్వం ఏడాదికోసారి కల్లం దగ్గర గింజలు కొలిచేవారు, మరాఠీ ఊళ్లలో దాన్ని బలుతే అనేవారు. ఇప్పుడు డబ్బే. ఇనుము బరువు, కాలిన బొగ్గు, పట్టిన గంటలు మూడూ వేరువేరుగా నోటు పుస్తకంలో ఆరు నెలలు రాసుకుంటే మీ ధర మీకే తెలుస్తుంది. బజారులో దొరికే యంత్రపు కొడవలి ధరతో పోటీ పడబోతే మునుగుతారు. మీ దగ్గరికి వచ్చేది కొత్త వస్తువు కోసం కంటే పాతదాన్ని బాగుచేయించుకోవడానికే, ఆ పనిలోనే నిలకడైన రాబడి ఉంది. వెల్డింగ్ మిషను కూడా పెట్టుకోండి. కల్టివేటర్ పళ్లకు అది లేకుండా కుదరదు.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరిపని ఒకటి. కొద్ది రోజుల శిక్షణ, ఆ రోజులకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల దాకా, తరువాత అయిదు శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష, రెండో విడతగా రెండు లక్షల రూపాయల దాకా అప్పు ఇస్తామని అందులో ఉంది. కుటుంబానికి ఒకరికే అవకాశం. కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు చేస్తారు, గ్రామ పంచాయతీ ధృవీకరించాలి. అప్పు మాట పక్కన పెట్టి, ముందు పనిముట్ల సొమ్ముతో చేతి పంఖా, మంచి సుత్తి కొనుక్కోండి.

మృగశిర దాటి నాట్లు పడ్డాక కొలిమి ముందు వరుస తగ్గుతుంది. శ్రావణ అమావాస్య నాటి పొలాల పండుగకు ఎడ్లతో పాటు మనకూ తీరిక దొరుకుతుంది. ఆ రోజుల్లో గాలిగొట్టం చుట్టూ పగిలిన మట్టిని తీసి కొత్తగా మెత్తాలి, వదులైన పటకార్ల రివెట్లు బిగించాలి, దాగలి మీద పడిన గాట్లు రుద్ది నునుపు చేయాలి. దీపావళి ముందు వరి కోతల కొడవళ్లు రావడం మొదలవుతుంది, వాటికి కక్కు కొట్టే ఉలిని అప్పటికే పదును పెట్టి ఉంచుకోండి.